గడియ తీసినవాడు

ఆ నవలను నేను మొదటిసారి చదివింది టైపు చేస్తూ. తొంభైల చివర్లో బందరు బస్టాండుకు దగ్గర్లో ఒక చిన్న డి.టి.పి. సెంటర్లో పనిచేసేదాన్ని. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కరెంటు పోతే పది నిమిషాలు కూడా నిలబడని ఒక యు.పి.ఎస్. ఉండేవి. పెళ్ళికార్డులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ప్రార్థన కూటాల కరపత్రాలు, ఎన్నికలొస్తే ఓటర్లకు విజ్ఞప్తులు, ఇవే మా పని. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఇంటరుతో చదువు ఆపేసి, తెలుగు టైపు నేర్చుకుని, బందర్లోనే మా మేనత్త ఇంట్లో ఉంటూ ఆ ఉద్యోగం చేసేదాన్ని. మా సొంతూరు కోడూరు దాటాక సముద్రం వైపు ఉన్న ఒక పల్లె.

ఒక శనివారం మధ్యాహ్నం గుడివాడ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రిటైరైన హిస్టరీ మాస్టారు. చేతి సంచీలోంచి దారంతో కట్టిన తెల్లకాగితాల బొత్తి తీసి, ముందు మా ఓనరుకు కాకుండా నాకే ఇచ్చారు.

"టైపు చేసేది నువ్వే కదమ్మా. నా దస్తూరి అర్థమవుతుందో లేదో చూడు."

దస్తూరి ముత్యాల్లా ఉంది. అది ఒక విదేశీ నవలకు ఆయన చేస్తున్న తెలుగు అనువాదం. నూట యాభై ఏళ్ళ కిందట ఏదో కొండల దేశంలో జరిగిన అంతర్యుద్ధం దాని కథ. ఆయన ఇంకా అనువాదం పూర్తి చెయ్యలేదు. చేసినంత వరకు తెస్తాననీ, రెండు వారాలకొకసారి వచ్చి ప్రూఫులు దిద్దుకుని కొత్త అధ్యాయాలు ఇచ్చి వెళ్తాననీ చెప్పారు. అలా ఆ నవల నా చేతికి ముక్కలు ముక్కలుగా వచ్చింది. తర్వాత ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే రెండు వారాలు ఆగాలి. అసలు పుస్తకం ఇంగ్లీషులో ఆయన దగ్గర ఉంది కానీ, ఉన్నా నేను చదవగలిగేదాన్ని కాదు.

మొదటి రెండు అధ్యాయాలూ పెళ్ళికార్డు కొట్టినట్టే కొట్టాను. మూడో అధ్యాయం నుంచి వేళ్ళు ఆగిపోవడం మొదలైంది. గోడ చుట్టూ కట్టిన ఒక చిన్న పట్టణం. రాజు మనుషులొక పక్క, తిరగబడినవాళ్ళొక పక్క. పట్టణంలో ప్రతి ఇంట్లోనూ రెండు పక్షాలున్నాయి. ఒకే రొట్టెల బట్టీ దగ్గర నిలబడే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేస్తారు. పెళ్ళి కుదిరిన పిల్ల ఉంగరం తీసి వెనక్కి పంపిస్తుంది. ఇవన్నీ రాసిన తీరు చాలా నెమ్మదిగా, ఎవరినీ తిట్టకుండా ఉండేది. అందుకే ఎక్కువ బాధగా ఉండేది. మధ్యాహ్నం క్యారేజీ తినకుండా పేజీలు తిప్పుకుని చదివేసి, తర్వాత టైపు చేసేదాన్ని.

అందులో ఒక కెప్టెన్ ఉన్నాడు. తిరుగుబాటు పక్షం వాడు. పట్టణానికి కాపలా అతని బాధ్యత. అతని చెల్లెల్ని రాజు మనుషులు చంపేశారు. అతను మాట్లాడితే సిపాయిలు తిండి మరిచిపోయి వింటారు. నాకూ అతనంటే ప్రాణం లేచొచ్చేది. ఏడో అధ్యాయంలో, ఒక తెల్లవారుజామున పట్టణం తలుపు ఎవరో లోపలి నుంచి తీశారని తెలిసినప్పుడు, అతను గోడ మీద నిలబడి తన మనుషులతో అంటాడు: "గోడ దూకినవాణ్ణి క్షమించొచ్చు. లోపలి నుంచి గడియ తీసినవాణ్ణి క్షమించకూడదు." ఆ వాక్యం టైపు చేసి, స్క్రీను మీద చూసుకుని, నాకు నేనే పైకి చదువుకున్నాను. అధ్యాయం అక్కడితో అయిపోయింది. ఆ తర్వాతి కాగితాలు మాస్టారు ఇంకా తేలేదు.

ఆ రోజుల్లోనే మా ఊళ్ళో సంఘం రెండుగా చీలింది.

మా పల్లెలో ఉన్నది ఒకటే చర్చి. చాలాకాలం నుంచి ఉన్న పాస్టరుగారికి బదిలీ అయింది. ఆయన్ని పంపించడానికి సగం మంది ఒప్పుకోలేదు. మా పెళ్ళిళ్ళు చేసిందీ, మా ముసలివాళ్ళను మట్టి చేసిందీ ఆయనే, ఎలా పంపిస్తాం అన్నారు. మా నాన్న ఆ పక్షంలో పెద్ద. పైవాళ్ళు పంపిన కొత్త పాస్టరుగారిని కాదనే హక్కు మనకెక్కడిది అని మిగతా సగం అన్నారు. నాలుగు నెలలు ఆరాధన సగంలో ఆగిపోవడం, పాట మధ్యలో పాట ఎత్తుకోవడం, పుస్తకాలు విసురుకోవడం అయ్యాక, తగవు తేలేదాకా చర్చికి తాళం వెయ్యాలని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. తాళంచెవి మా బాబాయి చేతిలో పెట్టారు.

బాబాయి నాన్నకు ఒక్కడే తమ్ముడు. చర్చి ప్రహరీకి ఆనుకునే ఆయన ఇల్లు. గంట కొట్టేదీ, చాపలు వేసేదీ, దీపాలు తుడిచేదీ ఆయనే. ఎక్కువ మాట్లాడడు. ఏ పక్షంలోనూ లేడు. నేను పదో తరగతి పరీక్షలు రాసినప్పుడు రోజూ సైకిలు మీద అవనిగడ్డ తీసుకెళ్ళి, నేను బయటికొచ్చేదాకా స్కూలు గేటు దగ్గరే కూర్చునేవాడు. పరీక్ష ఎలా రాశావని ఒక్కసారి కూడా అడగలేదు. "ఆకలేస్తందా?" అని అడిగేవాడు.

మే నెలలో ఒక ఆదివారం కొత్త పాస్టరుగారు తన పక్షం వాళ్ళతో వచ్చి చర్చి బయట నిలబడ్డారు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఉన్నారట. బయటే ప్రార్థన చేసుకుని పోతామన్నారట. కాసేపయ్యాక బాబాయి ఇంట్లోంచి తాళంచెవి తెచ్చి తలుపు తీశాడు. లోపల పాట మొదలయ్యేసరికి మా వీధిలో వాళ్ళంతా పరిగెత్తారు. నాన్న ముందున్నాడు. తోపులాటలో హార్మోనియం విరిగింది. ఒకాయన తల మీద బెంచీ పడి రక్తం కారింది. పోలీసులొచ్చి అందరినీ బయటికి పంపి తమ తాళం వేసుకుని పోయారు.

నేను అక్కడ లేను. ఇదంతా రెండు రోజుల తర్వాత బందరు వచ్చిన నాన్న నోటి నుంచి విన్నాను. షాపులో మా ఓనరు భోజనానికి వెళ్ళిన వేళ వచ్చాడు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"ఇది కొంచెం కొట్టిపెట్టమ్మా. రెండొందల కాపీలు వేయిద్దాం. పల్లెలో ప్రతి ఇంటికీ పంచాలి."

'సంఘ సభ్యులకు విజ్ఞప్తి' అని ఉంది పైన. కింద నాన్న తన రాతలో, పాతకాలపు అర్జీ భాషలో ఏదేదో రాశాడు. ఎక్కడా బాబాయి పేరు లేదు. 'తాళంచెవి నమ్మి అప్పగింపబడిన వ్యక్తి' అని మాత్రం ఉంది. మా పల్లెలో అది పేరు రాసినదాంతో సమానం.

"బాబాయి గురించేనా నాన్నా ఇది?"

"వాడు నాకు తమ్ముడు కాదమ్మా ఇంక. ఒక్క మాట నాతో చెప్పొచ్చుగా తలుపు తీసే ముందు? పది ఇళ్ళ అవతలున్నాను నేను. అన్నతో చెప్పకుండా ఊరందరి ముందూ నా తల తీసేశాడు."

నేను అప్పుడు చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి. అవేవీ చెప్పలేదు. నాన్న కళ్ళలో నీళ్ళు చూసి నాకు బాబాయి మీద కోపం వచ్చింది. అంతకంటే ముందు, ఆ కాగితం చూసి ఇంకో ఆలోచన వచ్చింది. రాత చప్పగా ఉంది, ఎవరూ చివరిదాకా చదవరు అనిపించింది. నేనప్పటికి ఆరు నెలలుగా మంచి వచనం టైపు చేస్తున్నదాన్ని. ఏ వాక్యం ఎక్కడ ఆపాలో, ఏది విడిగా ఒక లైనులో పెట్టాలో నాకు తెలుసనుకునేదాన్ని.

"నాన్నా, కొంచెం మారుస్తాను, కూర్చో" అన్నాను.

సగం తీసేశాను. మిగిలినదాన్ని చిన్న వాక్యాలు చేశాను. చివర్లో, ఖాళీ వదిలి, పెద్ద అక్షరాల్లో ఆ కెప్టెన్ మాట పెట్టాను. గోడ దూకినవాణ్ణి క్షమించొచ్చు. లోపలి నుంచి గడియ తీసినవాణ్ణి క్షమించకూడదు. మా చర్చికి గడియ లేదు, తాళం ఉంది. అయినా సరిపోయింది.

నాన్న స్క్రీను దగ్గరికి వంగి చదివాడు. రెండోసారి చదివాడు. నా తల మీద చెయ్యి పెట్టాడు.

"ఇదీ మాటంటే. ఎట్లా వచ్చిందమ్మా నీకు?"

నేను చేసిన పనిని నాన్న అలా మెచ్చుకోవడం అదే మొదలు. నవల్లోదని చెప్పలేదు. పక్కనున్న ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఆ సాయంత్రమే ప్రింటయింది.

నెల తిరక్కముందే ఇంటికి వెళ్ళాను. పులిగడ్డ దాటాక బస్సులో మా ఊరి మనిషొకాయన కనిపించి, "మీ నాన్న భలే రాశాడమ్మా" అన్నాడు. ఊళ్ళో దిగేసరికి విషయం తెలిసింది. కాగితం సంగతి అందరూ మరిచిపోయారు కానీ ఆ మాటొక్కటి మిగిలింది. బాబాయికి 'గడియాయన' అని పేరు పడింది. పిల్లలు ఆయన సైకిలు వెనకాల "గడియ, గడియ" అని అరుస్తున్నారు. పంపు దగ్గర పిన్ని బిందె పెడితే పక్కకు జరుపుతున్నారు. అమ్మ ఇవన్నీ కూర తరుగుతూ మామూలుగానే చెప్పింది. చివరికి మాత్రం తలెత్తకుండా, "మొన్న పొద్దున లేచేసరికి వాళ్ళ తలుపుకున్న గడియ ఎవరో ఊడబీక్కుపోయారంట. రాత్రి ఎప్పుడు చేశారో. మీ పిన్ని తలుపుకి రోలు అడ్డం పెట్టుకుని పడుకుంటంది" అంది.

సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తుంటే బాబాయి ఎదురొచ్చాడు. సైకిలు దిగాడు.

"ఎప్పుడొచ్చావమ్మా?"

"పొద్దున్నే, బాబాయ్."

"ఆకలేస్తందా? మీ పిన్ని చేపలు వండింది."

లేదన్నాను. ఆయన సైకిలు బెల్లు మీద వేలు పెట్టి, కొట్టకుండా, అడిగాడు. "ఆ కాగితంలో చివర ఒక మాటుంది చూడు. అదెవరు రాశారమ్మా?"

"నాన్నే" అన్నాను.

"మీ నాన్నేనా."

"ఊఁ."

తలూపి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆలోచించుకుని చెప్పింది కాదు. అడగ్గానే నోట్లోంచి వచ్చేసింది.

ఇంకో పది రోజులకు బాబాయి, పిన్ని ఊరు వదిలారు. పెదపారుపూడి దగ్గర ఎవరిదో చేపల చెరువుకు కాపలా పని దొరికిందని వెళ్ళారు. తాళాలు పోలీసుల దగ్గరున్నాయి కాబట్టి ఆయన ఎవరికీ ఏమీ అప్పగించాల్సిన పని లేకపోయింది.

మాస్టారు ఆ వేసవిలో ఒంట్లో బాగోక రెండు విడతలు రాలేదు. వచ్చిన రోజున ఆయన కోసం ఏడో అధ్యాయం ప్రూఫు తీసి పెట్టాను. మా షాపులో ప్రూఫులు తీయడానికి కొత్త కాగితం వాడం. ప్రెస్సులో మిగిలిపోయిన, సరిగా పడని కరపత్రాల వెనక పక్క వాడతాం. ఆ కట్టలో ఏమున్నాయో నేను చూసుకోలేదు. మాస్టారు ఎర్రపెన్నుతో దిద్దుకుంటూ, పేజీ తిప్పి పక్కన పెడుతూ, మధ్యలో ఆగారు. ఆ కాగితం వెనక్కి తిప్పి చదివారు. మళ్ళీ ముందుకు తిప్పారు. ఒక పక్క కెప్టెన్ మాట, రెండో పక్కా అదే మాట.

"అమ్మాయ్, ఇదెవరిది?"

ఈసారి అబద్ధం రాలేదు. జరిగిందంతా చెప్పాను. బాబాయి అడిగినప్పుడు నేను చెప్పిన మాట కూడా. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని విన్నారు. అరుస్తారేమో అనుకున్నాను. పని ఇంకెవరికైనా ఇస్తారేమో అనుకున్నాను.

"ఆ మాటన్న మనిషి తర్వాత ఏం చేశాడో నువ్వింకా చదవలేదు కదమ్మా" అన్నారు. "తప్పు నాదే. నేను ఇంకా తేలేదు."

సంచీలోంచి ఎనిమిదో అధ్యాయం తీసి నా బల్ల మీద పెట్టారు. ఆయన వెళ్ళిపోయాక చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు.

ఆ అధ్యాయంలో తేలింది, పట్టణం తలుపు తీసింది ద్వారపాలకుడని. యాభై ఏళ్ళ మనిషి. అప్పటిదాకా నవల్లో అక్కడక్కడా తాళాల గుత్తితో కనిపించి మాయమైపోయేవాడు. బయట నిలబడింది రాజు సైన్యం కాదు. పక్క ఊళ్ళో ఇళ్ళు తగలబడితే పారిపోయి వచ్చిన జనం. చలిలో పిల్లల్ని చంకనేసుకుని నిలబడ్డారు. వాళ్ళలో సగం మంది రాజు పక్షం వాళ్ళే. అతనికి అది తెలుసు. తెలిసే తీశాడు. విచారణలో కెప్టెన్ ఎందుకు తీశావని అడిగితే, "తట్టారు" అంటాడు. అంతకంటే ఒక్క మాట చెప్పడు. మధ్యాహ్నానికి అతన్ని సంతవీధిలో కాల్చేస్తారు. గురి పెట్టమని చెప్పింది కెప్టెనే. ఆ గొంతు ఎప్పట్లాగే గంభీరంగా, అందంగా ఉందని రాశాడు రచయిత.

ఆ అధ్యాయం పన్నెండు పేజీలు. టైపు చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. అక్షరాలు తప్పుతుంటే మా ఓనరు, "ఏంటమ్మా, జ్వరమా?" అని అడిగాడు. ఔనన్నాను.

తర్వాతి వారం ఇంటికి వెళ్ళి నాన్నతో చెప్పాను. అది నా మాట కాదనీ, ఒక నవల్లోదనీ, ఆ మాటన్నవాడు ఒక మంచి మనిషిని అన్యాయంగా చంపించాడనీ చెప్పాను. నాన్న అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నట్టు తువ్వాలు అంచు లాగుతూ విన్నాడు.

"కథలో ఎవడంటే ఏంటమ్మా? మాట నిజమా కాదా?"

"నిజం కాదేమో నాన్నా."

"అయితే ఎందుకు రాశావు?"

నాన్న కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆ తర్వాత ఒకసారి ప్రూఫులు ఇవ్వడానికి నేనే గుడివాడ వెళ్ళాను. పని కాగానే మాస్టారింటి నుంచి బస్సెక్కి పెదపారుపూడిలో దిగి, అడుగుతూ నడిచాను. రెండు వైపులా చెరువులే. గట్టు మీద తాటాకు పాక ముందు పిన్ని తవుడు కలుపుతోంది. నన్ను చూసి లేచింది కానీ నవ్వలేదు. "చెరువు మీదున్నాడు, వస్తాడు, కూర్చో" అంది. నాకు మంచినీళ్ళిచ్చి మళ్ళీ పనిలో పడింది. నన్ను ఎప్పుడూ 'బంగారం' అని పిలిచే మనిషి ఆ రోజు ఏమీ పిలవలేదు.

బాబాయి పడవ దిగి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. కూర్చోకముందే చెప్పేశాను. "బాబాయ్, ఆ మాట నాన్న రాయలేదు. నేను రాశాను."

"నాకు తెలుసమ్మా."

"ఎట్లా తెలుసు?"

"మీ నాన్నకి అంత మాట యాడ నుంచొస్తది? మేమిద్దరం ఒక పలక మీద చదువుకున్నోళ్ళం."

"మరి ఆ రోజు నన్నెందుకు అడిగావు?"

"చెప్తావేమోనని" అన్నాడు.

పిన్ని చేతిలో పని ఆపి వింటోందని నాకు తెలుస్తోంది. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆయన ఓదార్చలేదు, తిట్టలేదు. నా ఏడుపు అయ్యేదాకా ఆగాడు.

"ఎందుకు తీశావు బాబాయ్ తలుపు?" అడిగాను చివరికి. ఆ ప్రశ్న అన్ని నెలల్లో మా ఇంట్లో ఎవరూ ఆయన్ని అడగలేదు.

"ఎండలో నిలబడ్డారు" అన్నాడు. "ముసలాళ్ళున్నారు. ఆ మూలింటి అవ్వ గోడ పట్టుకుని కూలబడింది. మీ నాన్న పక్షం వాళ్ళు నిలబడ్డా తీసేవాణ్ణే. అన్నయ్యతో చెప్పుంటే బాగుండేది. అది నా తప్పే" అన్నాడు.

అన్నం తినే వచ్చాను. పిన్ని వడ్డించింది. బస్టాండు దాకా బాబాయి సైకిలు మీద దింపాడు. ఊరికి వచ్చెయ్యమని అడిగాను. నాన్నతో మాట్లాడతానన్నాను. "వద్దులేమ్మా. ఇక్కడ బానే ఉంది. చేపలకి పేర్లు పెట్టడం రాదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ నాకు నవ్వు రాలేదు.

నవల మిగతా భాగం ఏడాదిన్నర పట్టింది. యుద్ధం అయిపోతుంది. ఎవరో గెలుస్తారు. కెప్టెన్ చావడు, అతనికి శిక్షేమీ పడదు. అదే పట్టణంలో, ద్వారపాలకుడి భార్య ఉండే వీధిలోనే, ముసలివాడయ్యేదాకా బతుకుతాడు. ఇద్దరికీ నీళ్ళ బావి ఒకటే. అతను వస్తే ఆవిడ బిందె దింపి పక్కకు జరుగుతుంది. అతను తోడుకుని వెళ్ళాక మళ్ళీ వచ్చి తోడుకుంటుంది. తిట్టదు, శపించదు. ఇరవై రెండేళ్ళు అలా జరిగిందని రాసి రచయిత ఆ అధ్యాయం ఆపేశాడు. దాన్ని టైపు చేసిన రోజు పంపు దగ్గర మా పిన్ని బిందె గుర్తొచ్చి, షాపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

రెండు వేల సంవత్సరం దాటాక మాస్టారు తన సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేయించుకున్నారు. నాకు రెండిచ్చారు. ఈలోగా మా ఊళ్ళో చర్చి తగవు తేలిపోయింది. పైనుంచి వచ్చిన పెద్దలు పాత పాస్టరుగారినీ, కొత్త పాస్టరుగారినీ ఇద్దరినీ తీసేసి మూడో ఆయన్ని పంపించారు. తలుపులు తెరిచారు. ఒకళ్ళ తల మీద ఒకళ్ళు బెంచీలు వేసుకున్నవాళ్ళే ఒకే చాప మీద కూర్చుని పాడారు. ఎవరు గెలిచారో ఇప్పుడు అడిగితే ఎవరూ చెప్పలేరు. గంట కొట్టడానికి ఇంకో మనిషిని పెట్టుకున్నారు. బాబాయిని రమ్మని ఎవరూ కబురు పంపలేదు. ఆ గడియ మాట మాత్రం మా వైపు ఉండిపోయింది. ఒకసారి అవనిగడ్డ బస్సులో ఇద్దరు మగవాళ్ళు ఏదో పంచాయతీ గొడవ గురించి మాట్లాడుకుంటూ దాన్నే వాడారు, ఎప్పటి నుంచో ఉన్న మాటలాగా. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఒక కాపీ బాబాయికి ఇచ్చాను. ఆయన బైబిలు తప్ప ఇంకో పుస్తకం చదివిన మనిషి కాదు. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదువుతాడు. ఆరు నెలల తర్వాత వెళ్ళేసరికి పుస్తకం అట్ట మీద చేపల మేత మరకలున్నాయి. పూర్తి చేశాడు.

"ఎట్లా ఉంది బాబాయ్?"

"బాగా రాశాడు. మనుషులు అట్లాగే ఉంటారు." పుస్తకం తిరగేసి చూశాడు. "కానీ ఒకటమ్మా. ఆ తాళాలాయనకి పెళ్ళాం ఉందని ఆయన చచ్చిపోయినాక చెప్పాడు. ఆయన బతికున్నప్పుడు ఎప్పుడు చూసినా తలుపు దగ్గరే నిలబెట్టాడు. ఒక్క పూటన్నా ఇంటికి పంపలేదు ఆ రాసినాయన. ఇంటికెళ్ళి అన్నం తింటే, ఆమెతో రెండు మాటలు చెప్తే, చదివేవాళ్ళకి ముందే తెలిసేది గదా ఎట్లాంటి మనిషో."

ఇంటికి వచ్చి మళ్ళీ మొదటి నుంచి చదివాను. మొత్తం నవలను ఆగకుండా, ఒక వరసలో చదవడం నాకదే మొదటిసారి. బాబాయి చెప్పింది నిజం. పద్నాలుగు చోట్ల కనిపిస్తాడు ద్వారపాలకుడు, పద్నాలుగు చోట్లా తలుపు దగ్గరే. ఈ సంగతి మాస్టారికి చెప్పాను. "మూడేళ్ళు అనువదించానమ్మా. నాకు తట్టలేదు" అన్నారు. బాబాయిని చూడాలన్నారు. ఆయన ఆరోగ్యం అప్పటికే బాగా పాడైంది. పెదపారుపూడి పక్కనే అయినా వెళ్ళలేకపోయారు.

ఊరికి వెళ్ళినప్పుడు ఒకరోజు నాన్నకు కూడా చెప్పాను, బాబాయి పుస్తకం చదివాడని, ఇలా అన్నాడని. నాన్న అప్పటికి సంఘ పెద్దగా మానేశాడు. చర్చిలో వెనక వరసలో గోడకానుకుని కూర్చునేవాడు. మొత్తం విన్నాడు.

"బాగున్నాడా?"

"బానే ఉన్నాడు నాన్నా. మోకాళ్ళ నొప్పులంట."

"వాడికి చిన్నప్పటి నుంచీ అంతే, నీళ్ళలో నిలబడితే పడదు. చెరువు పనిలో ఎందుకు చేరాడో." కాలితో చెప్పులు దగ్గరికి లాక్కున్నాడు. "నా గురించేమన్నా అడిగాడా?"

"లేదు నాన్నా."

"అడగడులే" అన్నాడు నాన్న. లేచి, చెప్పులు వేసుకుని, సాయంత్రం కూటానికి ఇంకా గంట టైముండగానే చర్చి వైపు నడిచాడు. ప్రహరీ పక్కన బాబాయి ఇంటి ముందు కాసేపు ఆగడం మా అరుగు మీద నుంచి కనిపించింది. ఆ ఇల్లు అప్పటికే ఇంకెవరో అద్దెకు తీసుకున్నారు. లోపలి నుంచి ఎవరో ఏం కావాలని అడిగినట్టున్నారు. నాన్న ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి, ముందుకు వెళ్ళిపోయాడు.